ముప్పై ఆరో నంబరు పాట

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ రెండంకెల సంఖ్య ఒకటి ఎక్కడో ఒకచోట దాక్కునే ఉండేది. ఏటా పరీక్షల కాలం రాగానే వచ్చి పేపర్లో కూర్చునేది. నా అంకెలు కలిపితే ఇంత, నన్ను తిరగేస్తే ఇంత తగ్గుతాను, నేనెవరో చెప్పుకోండి చూద్దాం అనేది. దాన్ని ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. దొరికిన సంఖ్యని ఏం చేసుకోవాలో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. మళ్ళీ వదిలేస్తాం, అది వచ్చే ఏడు ఇంకో వేషంలో వస్తుంది.

ఇప్పుడు రిటైరై అమలాపురంలో ఉంటున్నాను. కొత్తగా లెక్కల టీచర్లయినవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, "మేడమ్, నంబర్ ప్రాబ్లమ్స్ వెనకబడినవాళ్ళకి ఎలా చెప్పాలండీ?" అని అడుగుతుంటారు. పద్ధతి గైడుల్లో ఉంది, నేను చెప్పనక్కర్లేదు. అందుకని నేను వాళ్ళకు ఒక పరీక్ష రోజు సంగతి చెబుతాను. అది విన్నాక ఎవరూ నన్ను రెండోసారి సలహా అడగలేదు. మీరూ వినండి.

అప్పట్లో కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఆదివారాలు అక్కడే ఓపెన్ టెన్త్ తరగతులు నడిచేవి. వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళే. గల్ఫ్ వెళ్ళడానికి పది పాసైతే పాస్‌పోర్టు పని సులువవుతుందని వచ్చే కుర్రాళ్ళు కొందరు, ప్రమోషన్ల కోసం వచ్చేవాళ్ళు కొందరు. చిన్న పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చునేవారు. నేను కోప్పడితే తలలు దించుకునేవారు. నాకంటే పెద్దవాళ్ళను కోప్పడే అవకాశం ఉద్యోగంలో ఇంకెక్కడా రాలేదు కాబట్టి, చెప్పొద్దూ, ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

వాళ్ళలో ఒకావిడ అంగన్‌వాడీలో ఆయా. నలభై దాటిన మనిషి. ఊళ్ళో చిన్నపిల్లలందరి ముక్కులూ తుడిచి, అన్నాలు పెట్టి, నిద్రపుచ్చిన చెయ్యి. వాళ్ళ కేంద్రంలో టీచరు రిటైరవబోతోంది. ఆ పోస్టు ఈవిడకి రావాలంటే పది పాసవ్వాలి. మిగతా సబ్జెక్టులన్నీ పాసైపోయింది, లెక్కలు ఒక్కటీ పట్టుకుని వేలాడుతోంది. ఈసారి తప్పితే ఆ పోస్టుకి వయసు దాటిపోతుంది, పక్క ఊరినుంచి ఎవరో వచ్చి కుర్చీలో కూర్చుంటారు. "ఆవిడొచ్చి నా పిల్లల్ని నాకే పరిచయం చేత్తాదండి," అని ఈవిడ బాధ.

మిగతా లెక్కలు ఏదో ఒకలా లాక్కొచ్చాం. నంబర్ ప్రాబ్లమ్ దగ్గరే బండి ఆగిపోయింది. ఆవిడకు లెక్క రాక కాదు, లెక్కంటే నమ్మకం లేక.

"ఒక రెండంకెల సంఖ్య ఉందనుకోండి," అని మొదలుపెట్టేదాన్ని.

"ఎవరిదండి?" అనేది.

"ఎవరిదీ కాదమ్మా. సంఖ్య."

"ఎవరిదీ కానిది మనకెందుకండి?"

ఎక్స్, వై అంటే అసలు వినిపించుకోలేదు. ఆవిడకి తెలిసిన సరుకు పెట్టి చెబుదామని ఒక ఆదివారం రావులపాలెం అరటి మార్కెట్టుకి తీసుకెళ్ళాను, నోటితోనే లెండి.

"ఒక లారీలో కొన్ని అరటి గెలలు ఉన్నాయి."

"కర్పూరమా అండి, చక్కెరకేళీనా?"

"ఏదైతేనేం?"

"అదేంటండీ అలా అంటారు! రెండూ ఒకటెలా అవుతాయండి?"

"సరే, కర్పూరం. ఆ గెలల సంఖ్యలో అంకెలు కలిపితే ఎనిమిది. అంకెలు తారుమారు చేస్తే యాభై నాలుగు గెలలు తగ్గాయి."

ఆవిడ నిటారుగా కూర్చుంది. "యాభై నాలుగు గెలలే! ఎవరు పట్టుకుపోయేరండి?"

"ఎవరూ పట్టుకుపోలేదమ్మా! అంకెలు తిరగేశాం, అంతే."

"అంకెలు తిరగేత్తే గెలలెలా పోతాయండి? ఆ లారీ డ్రైవర్ని అడిగేరా?"

వెనక బెంచీలో గల్ఫ్ కుర్రాళ్ళు ఆలోచనలో పడ్డారు. వాళ్ళలో ఒకడు ఇలాంటి డ్రైవరు ఆలమూరు వైపు ఒకడున్నాడన్నాడు. ఆ ఆదివారం తరగతి మొత్తం ఆ డ్రైవరు గురించే జరిగింది. ఇంటికెళ్ళి మా ఆయనతో ఈ జన్మలో ఆవిడ పాసవదని చెప్పి, ఆ కోపం ఆయన కాఫీ మీద తీర్చుకున్నాను.

తర్వాత వారం ఆవిడ ఎప్పటిలాగే చర్చి నుంచి తిన్నగా వచ్చింది. తెల్ల చీర, చేతిలో లెక్కల పుస్తకం, దానికింద చిన్న పాటల పుస్తకం. రాజోలు నుంచి రావులపాలెం దాకా ఆ సంఘం వాళ్ళందరి ఇళ్ళలోనూ ఉండే పుస్తకం అది. ఆవిడ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. పాస్టరు గారు నంబరు చెబితే చాలు, పుస్తకం తెరవకుండా మొదలుపెట్టేస్తుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను బోర్డు మీద ఒక లెక్క చేసి, జవాబు నలభై రెండు అని రాస్తున్నాను. వెనకనుంచి సన్నగా రాగం వినిపించింది.

"ఏంటమ్మా అది?"

"నలభై రెండండి. కోతల పండక్కి పాడతామండి."

నాకు ఎందుకో అడగాలనిపించింది. "ఇరవై నాలుగు?"

"ఉపవాస కూటాలకండి."

"అరవై మూడు?"

"పెళ్ళి పాటండి!" ఒక లైను పాడేసింది కూడా. గల్ఫ్ కుర్రాళ్ళు బెంచీల మీద తాళం వేశారు.

"ముప్పై ఆరు?"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది సమాధి దగ్గర పాడేదండి. ఊరికే పాడకూడదండి. ఆ పాట వింటే మా వాళ్ళు ఎక్కడున్నా లేచి నిలబడతారండి."

నా బుర్రలో లైటు వెలిగింది. ఎవరిదీ కాని సంఖ్య అంటూ ఈవిడ ప్రపంచంలో లేదు. ప్రతి సంఖ్యకీ ఒక రాగం ఉంది, ఒక సందర్భం ఉంది, అందులో ఏడ్చినవాళ్ళో నవ్వినవాళ్ళో ఉన్నారు. నేనేమో ఇన్నాళ్ళూ ఆవిడకి అనాథ సంఖ్యల్ని చూపిస్తున్నాను.

"అమ్మా, పాస్టరు గారు పాట నంబరు మర్చిపోయారు," అన్నాను. "రెండంకెలని గుర్తుంది. అంకెలు కలిపితే ఆరని గుర్తుంది. తిరగేస్తే పద్దెనిమిది తగ్గుతుందని గుర్తుంది. జనం కూర్చుని ఉన్నారు. ఏ పాట?"

"ఆయ్, మా పాస్టరు గారు అంతేనండి! ఎప్పుడూ మర్చిపోతారండి!" అని పెన్ను తీసింది. పదుల స్థానంలో ఎక్స్, ఒకట్ల స్థానంలో వై అంటే కిక్కురుమనలేదు. పోయిన పాటని వెతకడానికి ఏ దారైనా ఫర్వాలేదు కదా. చకచకా చేసి, "నలభై రెండండి! కోతల పండగండి! ఈ మాత్రానికి మర్చిపోవాలాండీ?" అని పాస్టరు గారి మీద విసుక్కుంది.

నేను పొంగిపోయాను. పుస్తకం తీసి చూస్తే లెక్కంతా బంగారంలా ఉంది, చివర్లో మాత్రం "కావలసిన సంఖ్య = 24" అని ఉంది. అది ఆవిడకున్న రెండో జబ్బు. అంతా సరిగ్గా చేసి, రాసేటప్పుడు అంకెలు తిరగేసేది. అలా చాలాసార్లు జరిగాక, దానికీ నేనే మందు చెప్పాను. జవాబు రాసే ముందు తిరగేసిన నంబరు పాట ఏదో మనసులో ఒక లైను అనుకోండి, "నువ్వు కాదు" అని చెప్పి పంపెయ్యండి, అప్పుడు రెండోది రాయండి. ఆవిడకి ఇది చాలా మర్యాదగా తోచింది. పిలవని చుట్టాన్ని గుమ్మంలోంచే సాగనంపినట్టు ఒక లైను పాడి, తల అడ్డంగా ఊపి, అప్పుడు జవాబు రాసేది. ఇక తప్పు రాలేదు.

మనసులో అనుకోమన్నాను నిజమే. ఆవిడ మనసుకీ నోటికీ మధ్య తలుపు లేదు. ఆదివారాలు మా గదిలోంచి రాగాలు వినిపించడం మొదలైంది. మా హెడ్మాస్టారు భయస్థుడు. గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా ఎవరో కంప్లయింటు పెడతారనుకునే మనిషి. వరండాలో నన్ను ఆపి, "టీచర్ గారూ, క్లాసు చెప్తన్నారా, ప్రార్థన కూటం పెట్టేరా?" అని అడిగారు.

"పాసవుతున్నారా లేదా చూడండి," అన్నాను.

"పాసవడం సంగతి సరేనండి. పేపర్లో పడకుండా చూసుకోండి," అన్నారు.

పరీక్ష మా స్కూల్లోనే పడింది. లెక్కల పరీక్ష రోజు లెక్కల టీచరుని గదిలోకి రానివ్వరు కదా. అందుకని నన్ను గేటు దగ్గర ఆడవాళ్ళను తనిఖీ చేసే పనిలో పెట్టారు. ఆవిడ తెల్ల చీరలోనే వచ్చింది. పాటల పుస్తకం నా చేతికిచ్చి, "లోపలికి తీసుకెళ్ళకూడదుగదండి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు శనివారం వాడపల్లి గుడికి వెళ్తారుగదండి, స్వామికి నా సంగతి చెప్పేరా?" అంది.

"చెప్పాను."

"మా వైపు నేను చెప్పుకున్నానండి. ఎటునించి పని జరిగినా ఫర్వాలేదండి," అని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత గదిలో జరిగింది నాకు మా తెలుగు మాస్టారు చెప్పారు. ఆ గదికి ఇన్విజిలేటరు ఆయనే. చాలా నెమ్మదైన మనిషి, పరీక్ష గదిలో దగ్గు వచ్చినా బయటికెళ్ళి దగ్గేవారు. ప్రశ్నపత్రంలో నంబర్ ప్రాబ్లమ్ వచ్చింది. అంకెల మొత్తం తొమ్మిది, అంకెలు తారుమారు చేస్తే ఇరవై ఏడు తగ్గుతుంది. ఆవిడ చక్కగా చేసుకుంటూ వచ్చింది. చివరి లైను ముందు ఆగింది. తిరగేసిన నంబరుని సాగనంపాలి. ఆ నంబరు ముప్పై ఆరు. ఇన్ని సంఖ్యలుండగా పేపరు తయారుచేసిన మహానుభావుడికి అదే దొరికింది.

మామూలు రోజైతే ఆపుకునేదేమో. పరీక్ష కంగారులో ఉంది. రాగం బయటికొచ్చేసింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ పాట ఒక లైను, ఎంత సన్నగా అన్నా, అందరికీ వినబడింది.

ఆ గదిలో వేరే సెంటర్లనుంచి వచ్చిన గల్ఫ్ కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అదే సంఘం, అదే పుస్తకం. వాళ్ళు పెన్నులు కిందపెట్టి, లేచి నిలబడి, తలలు వంచి, చేతులు కట్టుకున్నారు. తెలుగు మాస్టారికి ఏం జరుగుతోందో తెలియలేదు గానీ సందర్భం గంభీరమైనదని అర్థమైంది. ఆయనా చేతులు కట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఫ్లయింగ్ స్క్వాడ్ గుమ్మంలోకి వచ్చింది. రెవెన్యూ ఆఫీసరు ఒకాయన, వెంట కానిస్టేబులు. చీటీలు, మైక్రో జిరాక్సులు, బూట్లలో కాగితాలు అన్నీ చూసినవాడు ఆ ఆఫీసరు. ఇది చూడలేదు. ఆయన కూడా టోపీ లేకపోయినా తల మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయేరండి?"

"ఇంకా తెలీలేదండి," అన్నారు తెలుగు మాస్టారు.

అక్కడితో అయిపోవలసింది. కానీ ఆ కానిస్టేబులు రాజోలు వైపు మనిషి. ఆఫీసరు చెవిలో, "సార్, అది మా పుస్తకంలో ముప్పై ఆరో నంబరు పాటండి," అన్నాడు.

"పాటకి నంబరేంటయ్యా?"

"ప్రతి పాటకీ ఉంటుందండి. నంబరు చెప్తే మా వాళ్ళకి పాట తెలుత్తాది. పాట వింటే నంబరు తెలుత్తాది."

ఆఫీసరు కళ్ళు బల్ల మీదున్న ప్రశ్నపత్రం మీద పడ్డాయి. ఒక రెండంకెల సంఖ్యను కనుగొనుము. ఆయన కళ్ళు మెరిశాయని తెలుగు మాస్టారు చెప్పారు. పాట రూపంలో జవాబు చేరవేస్తున్నారు! ఆయన మొహంలో కోపంతో పాటు కొంచెం మెచ్చుకోలు కూడా ఉందట.

అటెండరు పరుగెత్తుకొచ్చి, లోపల ముప్పై ఆరో పాటట, కుర్రాళ్ళు లేచి నిలబడ్డారట అని నన్ను పిలిచాడు. నేను వెళ్ళేసరికి హెడ్మాస్టారు వరండాలో స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారు. "సెంటరు పోతుంది టీచర్ గారూ. నేను చెప్పేనా, కూటం వద్దని చెప్పేనా?" అన్నారు. గదిలో ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంది. జవాబుపత్రం ఆఫీసరు చేతిలో ఉంది. మాల్ ప్రాక్టీసు కేసు రాస్తే పరీక్ష పోయినట్టే. పోస్టు పోయినట్టే. ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోతుంటే చూస్తున్నట్టు చూసింది.

"మీరు లెక్కల టీచరా? ఈ లెక్కకి జవాబేంటో చేసి చూపించండి. పైకి చెప్పకండి," అన్నాడు ఆఫీసరు, ప్రశ్నపత్రం నా చేతికిస్తూ.

వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని చేశాను. ఎన్ని వేల సార్లు చేశానో ఆ లెక్క. జవాబు ముప్పై ఆరు కాకూడదు దేవుడా అని మొక్కుకుంటూ చేసింది అదొక్కసారే. అరవై మూడు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. కాగితం ఆయన ముందు పెట్టాను.

"చూడండి. పాట ముప్పై ఆరు. జవాబు ఇది. ఏమన్నా సంబంధం ఉందా?"

"లేదు," అని ఆయన కూడా ఊపిరి వదిలాడు. కేసు రాయడం ఆయనకి మాత్రం సరదానా, దానికెన్ని కాగితాలు నింపాలి! హెడ్మాస్టారు స్తంభాన్ని వదిలారు. అప్పుడు ఆ కానిస్టేబులు కాగితంలోకి తొంగిచూసి, "తిరగేసి పాడేరేమోనండి," అన్నాడు.

ఆఫీసరు ప్రశ్నపత్రం మళ్ళీ చదివాడు. "అంకెలను తారుమారు చేయగా..." అని పైకి చదివి, కళ్ళు పెద్దవి చేశాడు. హెడ్మాస్టారు మళ్ళీ స్తంభాన్ని పట్టుకున్నారు. నాకు ఆ కానిస్టేబుల్ని ఆదివారం తరగతికి రమ్మని, వెనక బెంచీలో కూర్చోబెట్టి, రోజంతా గుణింతాలు రాయించాలనిపించింది.

ఆఫీసరు ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. జవాబుపత్రంలో లెక్కంతా ఉంది. చివర "కావలసిన సంఖ్య =" అని రాసి, ఎదర ఖాళీ ఉంది.

"ఎవరికి పాడేరమ్మా?"

"పాడలేదండి. కాదని చెప్పేనండి."

"ఎవరికి?"

"ఆ నంబరుకండి."

"ఏమని?"

"నువ్వు కాదు, వెళ్ళిరా అనండి. లేకపోతే అదొచ్చి జవాబులో కూచుంటాదండి. టీచరు గారే చెప్పేరండి," అని నన్ను చూపించింది.

ఆయన నా వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఈవిడ మీద కాదు, రెండంకెల సంఖ్య మీద. ఇన్నేళ్ళు దాని ఊడిగం చేసినందుకు నన్ను ఇలా గుమ్మంలో నిలబెట్టింది.

"అయ్యా," అన్నాను, "లెక్కలో అనుమానమొస్తే మేం వాదించుకోం. సరిచూస్తాం. మీరు ఆ పాట మళ్ళీ పాడించండి. జవాబు తెలుసుకోవడానికి లేచారో, అలవాటు కొద్దీ లేచారో తేలిపోతుంది. లెక్కతో పనిలేని మనిషి ఎవరైనా లేస్తే అది అలవాటే కదా?"

"పరీక్ష గదిలో పాటా?" అన్నారు హెడ్మాస్టారు.

"ఇప్పటికే ఒకటైంది," అన్నాడు ఆఫీసరు. "పాడండమ్మా."

ఆవిడ బెదిరిపోయింది గానీ పాడమంటే ఆగే మనిషి కాదు. ఎత్తుకుంది. కుర్రాళ్ళు మళ్ళీ లేచారు. తెలుగు మాస్టారు చేతులు కట్టుకున్నారు. అందరికంటే ముందు టోపీ తీసి, తల వంచి, అటెన్షన్లో నిలబడింది కానిస్టేబులు. ఆఫీసరు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"నువ్వు కూడా టెన్త్ రాస్తున్నావా?"

"లేదండి," అన్నాడు తలెత్తకుండానే. "మా నాన్నగారిదగ్గర పాడేరండి ఈ పాట."

అతని చేత గుణింతాలు రాయించాలన్న కోరిక నాకు పోయింది.

కేసు తేలిపోయినట్టే. కానీ ఆఫీసరుకి సరిచూడటం రుచి తగిలింది. "ఒక వైపే చూస్తే చాలదు. రెండోది కూడా చూడాలి. ఆ నంబరు తిరగేస్తే వచ్చే పాట కూడా పాడండమ్మా. దానికి ఎవరూ లేవకపోతే సరి," అన్నాడు.

నేను "అయ్యా, వద్దండి!" అని చెయ్యి ఎత్తేలోగా ఆవిడ ఎత్తేసుకుంది. పాపం, అంతసేపు బిక్కుబిక్కుమంటూ నిలబడిన మనిషి, అరవై మూడు, పెళ్ళి పాట, పాడమంటే ఊరుకుంటుందా? ఒక లైను కాదు, చరణం మొత్తం పాడింది. గొంతు బాగుంటుంది ఆవిడది. ఎవరూ లేవలేదు. ఆఫీసరు తృప్తిగా తలాడించాడు.

లేవకపోవడానికి కారణం ఏమిటంటే, అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. ఆ పుస్తకం తెలిసిన ప్రతివాడూ అరవై మూడు వేసుకున్నాడు. వాళ్ళని చూసి పక్కవాళ్ళూ వేసుకున్నారు. కాపీ జరగలేదని రుజువు చెయ్యడానికి ఆ గదిలో కాపీ జరిపించింది స్క్వాడే. ఆ సంగతి ఆఫీసరుకి జీపు దాకా వెళ్ళాక వెలిగింది. వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. మేమందరం ఆకాశం వైపు చూశాం. రిపోర్టు పుస్తకం తీసి, "పరీక్ష ప్రశాంతంగా జరిగినది" అని రాసి, సంతకం పెట్టి, జీపెక్కాడు.

గంట కొట్టారు. నేను గేటు దగ్గర కాచుకుని ఉన్నాను. ఆవిడ మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"గండం గడిచిందండి!" అంది.

"చివరికి ఏం రాశారమ్మా? అరవై మూడే కదా?"

"దేనికండి?"

"ఆ లెక్కకి! కావలసిన సంఖ్య అని ఖాళీ వదిలారే, అక్కడ ఏం రాశారు?"

"అక్కడా? రాయలేదండి."

"రాయలేదా!"

"ఇంకా రాసేదేముందండి? పాట దొరికిందండి. ఆఫీసరు గారు దగ్గరుండి పాడించుకున్నారండి. బాగుందన్నట్టు తలాడించేరండి. మళ్ళీ రాయాలాండీ?"

నేను గేటు పక్క స్టూలు మీద కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి నాకు మంచినీళ్ళు తెచ్చింది. గది నిండా జనం చేత జవాబు రాయించిన మనిషి తను మాత్రం రాయకుండా వచ్చింది. పోయిన పాటని వెతకమన్నది నేను. దొరికాక కాగితం మీద కూడా పెట్టమని చెప్పాలని నాకు తట్టలేదు. పాట దొరికితే పాడతారు గానీ రాసుకుంటారా ఎవరైనా?

ఫలితాలు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆ ఒక్క ఖాళీ దగ్గర ఆవిడ బతుకు ఆగిపోతుందేమోనని నిజంగా భయపడ్డాను. వాడపల్లి వెళ్ళి, స్వామీ, పేపరు దిద్దేవాడికి స్టెప్పులు చూసే ఓపిక ఇవ్వు అని మొక్కుకున్నాను. ఆవిడ వైపు వాళ్ళు కూడా ఏదో చెప్పుకునే ఉంటారు.

ఆవిడ పాసైంది. దిద్దినవాళ్ళెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి, జవాబు లేకపోయినా దారి చూసి మార్కులు వేసుంటారు. స్టెప్పుల్లేకుండా అరవై మూడు మాత్రం వేసి వచ్చిన కుర్రాళ్ళలో ఇద్దరు తప్పారు. వాళ్ళు మా స్కూలుకొచ్చి, "జవాబు కరెక్టేగదండి టీచరు గారూ," అని తగువుపెట్టుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి తరగతికి రమ్మన్నాను. మీరూ కొత్త టీచర్లయితే ఈ ముక్క ఎక్కడైనా రాసుకోదలిస్తే రాసుకోండి. నేనిచ్చే సలహా ఇదొక్కటే.

రిటైరయ్యాక ఒకసారి కొత్తపేట వెళ్ళి, ఆవిడ అంగన్‌వాడీకి వెళ్ళాను. ఆవిడిప్పుడు అక్కడ టీచరు. నన్ను చూసి, "మా టీచరు గారండీ!" అని ఊరంతా వినబడేలా అరిచి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. చాప మీద పిల్లలు అంకెలు వల్లిస్తున్నారు. ఒక్కొక్కళ్ళూ వెల్లుల్లిపాయంత ఉన్నారు, గొంతులు మాత్రం గోదావరి అవతలికి వినబడతాయి. ఇరవై, ముప్పై దాటారు. ముప్పై నాలుగు. ముప్పై ఐదు.

ముప్పై ఆరు అంటూనే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. తలలు వంచి, బుజ్జి చేతులు కట్టుకున్నారు. ఆవిడా నిలబడే ఉంది.

"మీరు నేర్పారా ఇది?" అన్నాను, గొంతు తగ్గించి.

"లేదండి," అంది ఆవిడ, సిగ్గుపడుతూ. "నాకు తెలీకుండా నేను లేచేదాన్నండి. నన్ను చూసి ఈళ్ళు పట్టేసేరండి. మానిపిత్తే మానటంలేదండి."

ముందు వరసలో జడలేసుకున్న పిల్ల ఒకతె తల కొంచెం ఎత్తి నా వైపు చూసింది. కూర్చుని ఉన్నది నేనొక్కదాన్నే. ఆ పిల్లకి అది నచ్చలేదు.

"మామ్మగారండీ," అంది గుసగుసగా, "ముప్పై ఆరొచ్చిందండి. లెగండి."

నాకు మోకాళ్ళ నొప్పి. అయినా కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తల వంచి నిలబడ్డాను. ముప్పై ఏడు అన్నాక అందరం కూర్చున్నాం.